చేపల అంగడిలో తూకము, ధర

బీచుపల్లి వంతెన మీదుగా రాకపోకలు సాగించు విద్యార్థి మిత్రులకు కృష్ణానది కొత్త కాదు. ఒక దరి గద్వాల జిల్లా, మరియొక దరి వనపర్తి జిల్లా. ఎగువన జూరాల ఆనకట్ట కలదు. దిగువన శ్రీశైలము జలాశయపు నీరు సోమశిల వరకును, ఆపైకిని వ్యాపించి యుండును. ఇంత నీరున్నచోట చేప యుండును, చేప యున్నచోట బేరముండును. జూరాలను చూడబోయినవారు ఆనకట్ట చెంత అంగళ్లలో వేయించిన చేపను తినక తిరిగి వచ్చుట అరుదు. అయితే విహారయాత్రకు బయలుదేరిన విద్యార్థి జేబులోని సొమ్ము మితమైనది. తిన్న పిమ్మట లెక్క విని తెల్లబోయి, బస్సు చార్జీకి తోటివారిని అడుగవలసి వచ్చుట విహారము కాజాలదు. కావున చేపలు కొనునప్పుడును, అక్కడనే వండించుకొని తినునప్పుడును అధిక ధర చెల్లింపకుండుట ఎట్లో ఈ వ్యాసమున పరిశీలింతము.

కిలోకు చెప్పు ధర ఎక్కువైననే మోసము జరుగునని మనలో పెక్కుమంది భావింతురు. ఆ ధర బహిరంగమైనది. నాలుగు అంగళ్లు తిరిగిన తెలిసిపోవును. అసలు చిక్కు వేరొకటి. దేనిని తూచి ఆ ధర చెప్పుచున్నారు? నీటినుండి తీసిన నిండు చేపనా, పొలుసు, పేగులు తీసి శుభ్రపరచిన చేపనా, తల కూడ తీసిన ముక్కలనా?

ఉదాహరణకు నిండు చేప కిలో 200 రూపాయలని అనుకొందము. పొలుసు, మొప్పలు, పేగులు తీసిన తరువాత సుమారు 800 గ్రాములు మిగులును. అనగా శుభ్రపరచిన కిలో మనకు 250 రూపాయలు పడినది. తల కూడ తీసివేసినచో మిగులునది 650 గ్రాముల ప్రాంతము. అప్పుడు కిలో ముక్కలు 300 రూపాయలు దాటినవి. పక్క అంగడివాడు తల లేని ముక్కలను కిలో 280కి ఇచ్చెదనని చెప్పినచో, పైకి ప్రియముగా తోచు ఆ బేరమే చౌక. ఈ చిన్న గణితము చేయక 200 అను అంకెను మాత్రమే విని సంతోషించువారు అనేకులు.

వండించుకొని తినునప్పుడు ఈ చిక్కు రెట్టింపగును. చేపకొక ధర, వేయించుటకొక కూలి, నూనెకు, మసాలాకు వేరొక లెక్క చెప్పువారు కలరు. అన్నియు కలిపి ప్లేటుకు ఇంతయని చెప్పువారును కలరు. రెండును న్యాయమైన పద్ధతులే. కాని ప్లేటు అనునది కొలత కాదు. అందు ఎన్ని ముక్కలు, పచ్చి చేపగా వాని బరువెంత అని పొయ్యి వెలిగింపక మునుపే అడుగవలెను. వేగిన చేప నీరు కోల్పోయి తేలికయగును గనుక, వేయించిన పిదప తూచి తక్కువయినదని తగవులాడుట అమ్మువానికి అన్యాయమే. పచ్చి చేపను మన యెదుట తూచి, కోసి, ఆ ముక్కలనే పెనములో వేయుట ఉభయులకును మేలు.

ఇక తూకము. త్రాసు దండెను వేలితో వంచి తక్కువ తూచుటను ఉర్దూలో ‘డండీ మార్నా’ అందురు. మన రెండు భాషల విద్యార్థులకును ఆ మాట అర్థము కాగలదు, ఏలయన ఆ విద్య రెండు భాషలలోను ఉన్నదే! నేడు దండె పోయి ఎలక్ట్రానిక్ కాటా వచ్చినది గాని, కన్ను మూసికొని నమ్ముటకు వీలు లేదు. చేపను పెట్టక మునుపు అంకె సున్నాయై యుండవలెను. తట్టను పెట్టి తూచినచో తట్ట బరువును తీసివేసిరో లేదో గమనింపవలెను. నీరు కారు తట్ట బరువు చేప బరువుగా లెక్కకు వచ్చుట సామాన్యము. అనుమానము కలిగినచో మూత తీయని లీటరు నీళ్ల సీసాను కాటాపై ఉంచుడు. అది కిలోకు కొద్దిగా పైన చూపవలెను. 1,200 చూపిన కాటాతో బేరము వలదు. ఇట్టి కాటాను తూనికలు, కొలతల శాఖవారు ప్రతి సంవత్సరము పరీక్షించి ముద్ర వేయవలెనని నియమము కలదు.

ఆ నీళ్ల సీసా విషయమున ఒక మాట. దుకాణములో సీసాపై ముద్రించిన గరిష్ఠ ధరకు మించి, చల్లదనము పేరిట గాని మరే పేరిట గాని, వసూలు చేయరాదు. కూర్చుండబెట్టి వడ్డించు హోటళ్లకు ఈ నిర్బంధము వర్తింపదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు నిచ్చినది. హోటలు బిల్లులో సేవా రుసుమును తమంతట తాము చేర్చరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జూలైలో ఆదేశించినది.

చేప జాతిని ఎరుగకున్నను నష్టమే. బొచ్చె, రవ్వ, మెరిగ చేపలకంటె కొర్రమట్ట ధర మిక్కిలి హెచ్చు. అది గాలిని పీల్చి నీటి వెలుపలను చాలసేపు బ్రతుకును. అందువలన ప్రాణముతో ఉన్నదానినే ఎంచుకొని, మన యెదుటనే కోయించుకొనవలెను. ముక్కలుగా కోసి ఉంచినదానిని కొర్రమట్టయని నమ్మి కొనుట తగదు. నది చేప అని పిలుచుచు చెరువు చేపను అమ్మినచో సామాన్యులు కనిపెట్టుట కష్టము. రుచికి తప్ప ఆ పేరుకు అదనముగా చెల్లింపకుండుటే మంచిది. తాజాదనమును మాత్రము ఎవరైనను గుర్తింపగలరు. మొప్ప ఎర్రగా, కన్ను ఉబ్బి నిర్మలముగా ఉండవలెను; వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను.

కాలమును బట్టియు ధర మారును. మృగశిర కార్తె ప్రవేశించు దినమున తెలంగాణమంతట చేప తినవలెనను ఆచారము కలదు గనుక, ఆనాడు ధర పెరుగుటను మోసమనలేము. ఒక దినము ముందో వెనుకనో కొనువాడు లాభపడును. 2016 కృష్ణా పుష్కరములకు బీచుపల్లి ఘాట్లకు జనము పోటెత్తినట్లే 2028లోను పోటెత్తును. అట్టి రద్దీలో తినుబండారము ఏదైనను ధర ముందుగా అడిగి తినుట అవసరము.

మోసపోయినవారు 1915 సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు తెలుపవచ్చును. జిల్లా వినియోగదారుల కమిషనులో ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్లపై ఫిర్యాదునకు రుసుము లేదు. అయినను నలువది రూపాయల చేప కొరకు కమిషను మెట్లు ఎక్కువారెవ్వరు? ముందుగా అడిగిన నాలుగు ప్రశ్నలే ఎక్కువ పని చేయును.

అట్లని గీచి గీచి బేరమాడుటను మేము సమర్థింపము. తెల్లవారకముందే పుట్టి వేసికొని వలకు పోయి వచ్చినవాని శ్రమకు ధర కలదు. ఆ ధరను పది రూపాయలు బలవంతముగా తగ్గించినచో, ఆ పది తరచుగా తూకములోనే తిరిగి పోవును. ధర ఒప్పుకొని, తూకము అడుగుటయే మాకు న్యాయముగా తోచుచున్నది. కోయుట ముగిసిన పిదప తలయు, లోపల జన ఉన్నచో అదియు, తూచిన చేపలోనివే గనుక కొన్నవారివే. వానిని కత్తిపీట ప్రక్కన విడిచిరాక అడిగి సంచిలో వేయించుకొనుడు. పులుసునకు ఆ తలయే రుచి.