సాలవనపు పుట్టగొడుగులు: సేకరణము, పాకము, విషలక్షణములు

ఆషాఢమున తొలివానలు కురిసి, నాలుగు దినములు ఉక్కపోసినంతట జంషెడ్పురము చుట్టునున్న సాలవనములలో నేల చిట్లి పుట్టగొడుగులు పైకి వచ్చును. ఉరుములకు లేచునని జనులందురు గాని, వానతడియు ఉక్కయుఁ గూడుటయే దీనికి కారణము. దల్మా కొండల దిగువనుండు సంతాలు, హో, భూమిజ స్త్రీలు వేకువనే అడవికిఁ బోయి, గంపలు నింపి పట్టణపు అంగళ్లకుఁ దెత్తురు. 1907లో స్థాపింపబడిన ఉక్కు కంపెనీ పనులకై శ్రీకాకుళ, విశాఖపట్టణ ప్రాంతముల నుండి వచ్చి స్థిరపడిన ఆంధ్ర కుటుంబములు ఈ గంపలలోని కొన్నింటిని గుర్తింతురు, కొన్నింటిని గుర్తింపజాలరు. ప్రమాదము ఇచ్చటనే యున్నది. సాలవృక్షమనఁగా మన గుగ్గిలపు చెట్టే గావున, అట్టి చెట్లు గల మన ఉత్తరపు మన్యమున పనిచేయు ఉద్యోగులకును ఈ పాఠము ఉపయోగపడును.

ఆంగ్ల వైద్యగ్రంథములను తెనిగించువారు తినదగినదానిని పుట్టగొడుగనియు, తినరానిదానిని కుక్కగొడుగనియు వ్రాయుదురు. నేనును పలుమాఱు అట్లే వ్రాసితిని. కాని ఇది శాస్త్రీయమైన విభాగము కాదు. పుట్టగొడుగన్న పేరు నిజమునకు ఒక్క జాతికే తగును. చెదపురుగులు పుట్టలోపల నమిలిన ఆకులతోను కట్టెలతోను తేనెపట్టువంటి గూళ్లు కట్టి, వానిపై ఒక శిలీంధ్రమును పెంచుకొనును. వానకాలమున ఆ శిలీంధ్రమే గొడుగై నేలను చీల్చుకొని వచ్చును. శాస్త్రజ్ఞులు దీనికి టెర్మిటోమైసిస్ అని పేరిడిరి. అచ్చట దీనిని ఖుఖ్రీ యందురు. గొడుగు నడుమ మొనదేలిన బుడిపెయు, కాడ అడుగున వేరువలె పొడవుగా దిగి చెదల గూటిని అంటియుండు తోకయు దీని గుర్తులు.

దీనిని పోలిన తెల్లని గొడుగొకటి ఉష్ణదేశములందలి పచ్చిక బయళ్లలో విరివిగా మొలచును. దాని కాడకు ఉంగరమువంటి పట్టీ యుండును, వేరుతోక యుండదు, ముదిరిన కొలది గొడుగు క్రింది రేకులు ఆకుపచ్చనగును. తిన్న ఒకటి మొదలు మూడు గంటలలో తీవ్రమైన వాంతులు, విరేచనములు కలుగును. దీనికంటె భయంకరమైనవి అమానిటా ప్రజాతిలోని కొన్ని జాతులు. ఈ ప్రజాతి సాలవృక్షపు వేళ్లతో పొత్తు గలది. ఇందు తినదగినవియుఁ గలవు, ప్రాణము తీయునవియుఁ గలవు. కాడ మొదట గ్రుడ్డుపెంకువంటి సంచి యుండుట వీనిలోఁ బెక్కింటికి గుర్తు, అదియు మట్టిలోనే దాగియుండును. కావున కాడను పైపైన త్రుంచుకొని వచ్చువాఁడు మంచిదాని గుర్తును చెడ్డదాని గుర్తును కూడ నేలలోనే విడిచి వచ్చుచున్నాఁడు. చిన్న పుల్లతో మట్టిని పెకలించి మొదలంట తీయవలయును.

రుగ్డా, లేక పుట్కా, గొడుగు రూపమున నుండదు. రేగుపండంతటి గుండ్రని కాయవలె సాలవృక్షముల క్రింద, ఆకుల మాటున, మట్టిలోనే పెరుగును. శ్రావణమున మాంసము విడిచినవారు దానికి బదులు దీనిని వండుకొందురు. మన తీరమువారికి ఇది క్రొత్త. లేతకాయ లోపల తెల్లగా గట్టిగా నుండును, ముదిరినది నల్లని పొడియగును. దీనిని పోలిన విషపు కాయ యొకటి దట్టమైన తోలు గలిగి, లోపల త్వరలోనే ఊదానలుపు తిరుగును. అమానిటా మొగ్గయు చిన్నతనమున గ్రుడ్డువలెనే యుండును గాని, నిలువుగాఁ గోసినచో లోపల గొడుగు కాడల ఆకారము గానవచ్చును. అందుచేత ప్రతి కాయను నిలువుగా కోసి చూడక పొయ్యికెక్కింపరాదు.

వెండి నాణెము నల్లబడిన విషమనియు, వెల్లుల్లి రంగు మాఱిన విషమనియు, పురుగు తొలిచినది మంచిదనియు జనులు చెప్పు పరీక్షలన్నియు వట్టివి. ప్రాణాంతకమైన అమానిటాల విషము ఉడికించినను, ఎండించినను, ఉప్పునీట నానవేసినను పోదు. రుచియందును దోషము తెలియదు.

ఈ విషము పనిచేయు క్రమమును ఉద్యోగులు చక్కగా తెలిసికొనవలెను. తిన్న ఆఱు గంటలలోపల సాధారణముగా ఏమియు తోఁపదు. ఆఱు మొదలు ఇరువదినాలుగు గంటలలో కలరావలె వాంతులు, నీళ్ల విరేచనములు పట్టును. ఒక దినము గడచిన పిమ్మట రోగి తేఱుకొని లేచి కూర్చుండును. ఇంటివారు సంతోషించి ఆసుపత్రి నుండి తీసికొనిపోవుదురు. ఆ సమయముననే కాలేయము చెడుచుండును. మూఁడవ నాఁడో నాల్గవ నాఁడో కామెర, రక్తస్రావము, మైకము కలిగి మరణము సంభవింపవచ్చును. కావున పుట్టగొడుగులు తిని ఆలస్యముగా వాంతులు పట్టినవానిని వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపవలెను. తేఱుకొన్నట్లు కనఁబడినను వైద్యుఁడు కాలేయపరీక్ష చేసి చెప్పువఱకు ఇంటికిఁ బోనీయరాదు. గ్రామోద్యోగి తన నివేదికలో ఏమి తినెనో వ్రాసి ఊరకుండుట చాలదు, ఏ గంటకు తినెనో, ఏ గంటకు వాంతి మొదలాయెనో తప్పక వ్రాయవలెను. వైద్యునకు ఆ రెండు అంకెలు మిక్కిలి ఉపకరించును.

అస్సామునందు 2008లోను, 2022 ఏప్రిలులోను అడవి పుట్టగొడుగులు తిని పలువురు మరణించిరి. 2022లో మృతులు పదుమువ్వురు. వారిలో తేయాకు తోటల కుటుంబములవారే హెచ్చు. ఆ తోటల కూలీలలో అనేకుల పూర్వులు ఛోటానాగపురము నుండి పోయినవారు. మరణములకు అదియే కారణమని చెప్పను గాని, ఒక అడవిలో నేర్చిన గుర్తు వేఱొక అడవిలో చెల్లునని నమ్మరాదు.

పాకము విషయము. రుగ్డాను పలుమాఱు నీట రుద్ది కడిగి, మట్టి పోయిన పిమ్మట కోసి, ఆవనూనెలో ఉల్లి, వెల్లుల్లి, అల్లము, మిరపతో వేయించి, మాంసపు కూరవలె చాలసేపు ఉడికింతురు. ఖుఖ్రీ మెత్తనిది. పసుపు నీట కడిగి, చేతితో చీల్చి, ఉల్లిపాయ, ధనియాల పొడి చేర్చి దాని నీటిలోనే ఉడకనిచ్చిన చాలును. రెండింటిని తెచ్చిననాఁడే వండవలెను. పచ్చివిగా తినరాదు. క్రొత్తగా తినువారు తొలిసారి కొంచెమే తినుట మంచిది. పసిబిడ్డలకు పెట్టకుండుట నా అభిప్రాయమున ఉత్తమము.

పుట్టగొడుగులు సీసము, కాడ్మియము వంటి లోహములను నేలనుండి పీల్చుకొనును. కావున కర్మాగారపు గోడల చెంతను, ఇనుప చిట్టెపు గుట్టలపైనను, బాటల ప్రక్కను మొలచినవి ఎంత మంచి జాతివైనను వర్జ్యములు. దల్మా 1976 నుండి అభయారణ్యము గావున, షికారు నడకకుఁ బోవువారు అనుమతి లేక అచ్చట ఏమియు కోయరాదు.

అంగళ్లలో కొందఱు పురపాలకోద్యోగులు భయపడి గంపలనన్నింటిని పాఱబోయింతురు. అది న్యాయముగాదు. ఆ స్త్రీల బ్రతుకు అందున్నది. జాతులను గుర్తించుటలో వారు తనిఖీదారునికంటె నిపుణులు. కాడలు కోయక, జాతులు కలపక, వేఱువేఱు గంపలలో అమ్మింపవలెను. ఊరు తెలియని మధ్యవర్తి తెచ్చిన కలగూరగంపను మాత్రము నిలుపుదల చేయవలెను. ఇండ్లవారికి మఱియొక మాట చెప్పింపవలెను: వండుటకు ముందు రెండు మూడు పచ్చివానిని మొదలుతోసహా కాగితములో చుట్టి వేఱుగా నుంచవలెను. ప్లాస్టిక్ సంచిలో నుంచిన త్వరగా కుళ్లును. ఎవరికైన జబ్బు చేసినచో ఆ పొట్లమును రోగితోఁగూడ ఆసుపత్రికి పంపవలెను. ఆ దినమున భోజనమునకు కూర్చున్నవారినందఱిని, జబ్బు తోఁపనివారినైనను, వైద్యునకు చూపింపవలెను.