పతాకధారి విలియం కార్నీ

ఒకే దేశపు బిడ్డలు రెండు పక్షాలై పోరాడటమే అంతర్యుద్ధం. 1861 నుండి 1865 వరకు అమెరికాలో జరిగిన యుద్ధం అటువంటిది. బానిసత్వాన్ని నిలుపుకోదలచి దక్షిణ రాష్ట్రాలు దేశం నుండి విడిపోవడమే దానికి మూలకారణం. ఆ యుద్ధంలో చూపిన సాహసానికి ‘మెడల్ ఆఫ్ ఆనర్’ అను అత్యున్నత శౌర్యపతకం పొందిన విలియం హార్వే కార్నీ జీవితం మన విద్యార్థులు తెలుసుకోదగినది.

కార్నీ 1840లో వర్జీనియా రాష్ట్రంలోని నార్‌ఫోక్ పట్టణంలో బానిసగా జన్మించాడు. బానిసలకు విద్య నిషిద్ధమైన ఆ సీమలో రహస్యంగా చదువు నేర్చాడు. తరువాత స్వేచ్ఛ లభించగా మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో స్థిరపడ్డాడు. మతబోధకుడు కావాలన్నది అతని ఆశయం. కాని 1863 జనవరి 1న అధ్యక్షుడు లింకన్ విముక్తి ప్రకటన వెలువరించి, నల్లజాతివారికి సైన్యంలో ప్రవేశం కల్పించిన పిమ్మట, ఆ ఆశయాన్ని ప్రక్కనుంచి 54వ మసాచుసెట్స్ పటాలంలో చేరాడు.

1863 జూలై 18 సాయంకాలం ఆ పటాలం దక్షిణ కెరొలినాలో, చార్ల్‌స్టన్ రేవు సమీపాన గల వాగ్నర్ కోటపై దాడి చేసింది. ఒకవైపు సముద్రం, మరొకవైపు బురదనేల, నడుమ ఇరుకైన ఇసుకదారి. పతాకధారి గాయపడగా కార్నీ జెండాను అందుకొని కోటగోడ వరకు చేర్చాడు. సేన వెనుదిరిగినపుడు పలుమార్లు తూటాలు తగిలినా దానిని విడువలేదు. స్వపక్షం చేరి, జెండాను నేల తాకనీయలేదని తోటివారితో చెప్పి కూలిపోయాడు. సేనాని కర్నల్ రాబర్ట్ గౌల్డ్ షా కోటగోడపైనే ప్రాణాలు విడిచాడు. దాడిలో పాల్గొన్న సుమారు 600 మందిలో 270 మందికి పైగా మరణించారు, గాయపడ్డారు, లేదా ఆచూకీ లేకపోయారు. కోట మాత్రం ఆనాడు వశం కాలేదు.

ఇంతటి త్యాగం చేసిన పటాలానికి సమాన వేతనం లేదు. తెల్ల సిపాయికి నెలకు 13 డాలర్లు. నల్ల సిపాయికి 10 డాలర్లు, అందులోనూ దుస్తులకై 3 డాలర్లు కోత. ఆ సిపాయిలు తక్కువ జీతాన్ని ముట్టలేదు. తేడా సొమ్ము తాము భరిస్తామని మసాచుసెట్స్ ప్రభుత్వం ముందుకు వచ్చినా అంగీకరించలేదు. వారు కోరినది ధనం కాదు, సమానత్వం. చివరకు 1864 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ సమాన వేతనానికి చట్టం చేసింది.

గాయాల కారణంగా కార్నీ 1864లో సైన్యం నుండి విడుదలయ్యాడు. అటుపిమ్మట న్యూ బెడ్‌ఫర్డ్‌లో మూడు దశాబ్దాలకు పైగా ఇంటింటికీ ఉత్తరాలు అందజేశాడు. శౌర్యపతకం అతనికి లభించినది 1900 మే 23న, అనగా యుద్ధరంగంలో ఆ సాహసం చూపిన సుమారు 37 సంవత్సరాల తరువాత! 1908లో అతడు మరణించాడు.

విద్యార్థులారా! గుర్తింపు ఆలస్యమైనదని కార్నీ కర్తవ్యాన్ని విడువలేదు. కర్తవ్యం నెరవేర్చాము గదా యని అతని పటాలం హక్కును వదులుకోలేదు. ఈ రెండింటినీ కలిపి గ్రహించినపుడే ఆ వీరుని చరిత్ర మనకు పాఠమవుతుంది.