మంచం పక్కనే స్ట్రోక్ తీవ్రతను లెక్కించడం ఎలా?

మూతి వంకర పోయిందనో, మాట పడిపోయిందనో, కుడిచెయ్యి లేవడం లేదనో చెబుతూ ఇంట్లోవాళ్లు మనిషిని ఎమర్జెన్సీకి తీసుకొస్తారు. పక్షవాతమని చూడగానే అర్థమవుతుంది. ఎంత తీవ్రంగా వచ్చిందో మాత్రం చూపుతో తేలదు. కేస్ షీట్‌లో ‘కుడివైపు బాగా వీక్‌గా ఉంది’ అని రాసి వెళ్లిపోతే, రాత్రి డ్యూటీకి వచ్చినవాళ్లకు పొద్దుటికంటే తగ్గిందో పెరిగిందో తెలిసే దారి ఉండదు. ఆ ఇబ్బంది తీర్చేదే ఎన్‌ఐహెచ్ స్ట్రోక్ స్కేల్. అమెరికాలో థామస్ బ్రాట్, ఆయన సహచరులు దీన్ని 1989లో ప్రచురించారు. మొత్తం 11 అంశాలు, స్కోరు 0 నుంచి 42 దాకా. స్కోరు ఎంత పెరిగితే మెదడుకు అంత నష్టం జరిగినట్టు. చెయ్యి తిరిగితే పది నిమిషాల్లోపే అయిపోతుంది. స్ట్రోక్ వార్డులో కొత్తగా చేరిన నర్సులు, హౌస్ సర్జన్ల కోసం ఇది రాస్తున్నాను.

స్కేల్ మొదలుపెట్టే ముందు రెండు పనులు. మొదటిది టైమ్. “ఎప్పుడొచ్చింది?” అని అడిగితే ఇంట్లోవాళ్లు తాము చూసిన టైమ్ చెబుతారు. “ఆఖరిసారి మామూలుగా మాట్లాడింది, నడిచింది ఎప్పుడు?” అని అడగండి. నిద్ర లేచేసరికే చెయ్యి పడిపోయి ఉంటే, రాత్రి పడుకునే ముందు బాగున్న టైమ్ నుంచే లెక్క. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు 4.5 గంటలు కాబట్టి ఈ ఒక్క జవాబు మీద చాలా ఆధారపడి ఉంటుంది. రెండోది గ్లూకోమీటర్. షుగర్ బాగా పడిపోయినా ఒకవైపు చచ్చుబడి అచ్చం స్ట్రోక్‌లాగే కనిపించవచ్చు. స్కోరు పూర్తి కాలేదని సీటీ స్కాన్ మాత్రం ఆపకండి.

ఇక అసలు నియమం. రోగి చేసిందానికే స్కోరు వేయాలి. చేయగలడని మీరు అనుకున్నదానికి వేయకూడదు. అంశాలు వరసలోనే చూడాలి, మొదటి జవాబే లెక్క, వెనక్కి వెళ్లి మార్చకూడదు, జవాబు అందించకూడదు. ఈ చివరిది మన దగ్గర కష్టం. మంచం చుట్టూ నలుగురు ఉంటారు. ‘ఇది ఏ నెల?’ అని మీరు అడిగీ అడగకముందే “ఆగస్టు అని చెప్పు నాన్నా” అంటూ ఒకరు అందిస్తారు. వాళ్లది ఆత్రం, తప్పుపట్టలేం. మొదలుపెట్టకముందే “అయిదు నిమిషాలు ఏమీ చెప్పకండమ్మా, ఆయన్నే చెప్పనివ్వండి” అని మెల్లగా అడిగితే ఆగుతారు.

మొదటి అంశంలో మూడు భాగాలు. స్పృహ ఎలా ఉందో చూస్తారు: మెలకువగా ఉంటే 0, కాస్త కదపగానే పలికితే 1, మళ్లీమళ్లీ తడితేనో నొప్పి కలిగిస్తేనో తప్ప పలకకపోతే 2, ఏం చేసినా పలకకుండా రిఫ్లెక్స్‌లే మిగిలితే 3. తరువాత నెల, వయసు అడగాలి. రెండూ సరిగ్గా చెబితే 0, ఒకటే చెబితే 1, రెండూ తప్పితే 2. దగ్గరదగ్గరగా చెప్పినా తప్పు కిందే లెక్క. ఇక్కడ మన పెద్దవాళ్లతో చిక్కు వస్తుంది. ఆగస్టులో ‘శ్రావణం’ అన్న ముసలమ్మ సరిగ్గానే చెప్పినట్టని నా అభిప్రాయం, కాకపోతే క్యాలెండర్‌లో ఒకసారి చూసుకుని వేయండి. వయసుకు మాత్రం “డెబ్బయ్యో ఎనభయ్యో ఉంటాయి బాబూ” అంటే నియమం ప్రకారమే స్కోరు వేసి, పక్కన ‘ముందు నుంచీ వయసు సరిగ్గా తెలియదని కొడుకు చెప్పాడు’ అని రాయండి. ఆ ఒక్క వాక్యంతో తరువాత చూసేవాళ్లు కంగారుపడరు. మూడో భాగంలో కళ్లు మూసి తెరవమని, బాగున్న చేత్తో పిడికిలి బిగించి వదలమని చెప్పాలి. మాట అర్థం కానట్టు కనిపిస్తే మీరే చేసి చూపించవచ్చు.

చూపు రెండో అంశం. తల కదపకుండా కళ్లు ఇటూ అటూ తిప్పించాలి. కళ్లు ఒకవైపుకే లాగేసి రెండోవైపు బొత్తిగా రాకపోతే 2. మాట అర్థం కాని రోగి అయితే మంచం ఈ పక్క నుంచి ఆ పక్కకు నడవండి, కళ్లు మిమ్మల్ని వెంబడిస్తాయో లేదో తెలిసిపోతుంది. మూడోది చూపు పరిధి. పైన, కింద, రెండు పక్కలా వేళ్లు చూపించి ఎన్నో అడగాలి. నాలుగోది ముఖం. “పళ్లు చూపించండి, కనుబొమలు ఎత్తండి, కళ్లు గట్టిగా మూయండి” అంటే చాలు. ముక్కు పక్క నుంచి పెదవి మూలకు దిగే ముడత ఒకవైపు చదునైతే 1, కింది ముఖమంతా జారితే 2, నుదురు కూడా కదలకపోతే 3.

అయిదోది చేతులు. కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పడుకున్న రోగి చేతిని 45 డిగ్రీల ఎత్తులో, కూర్చున్నవారైతే 90 డిగ్రీల్లో, అరచేయి కిందికి ఉండేలా పెట్టి వదలాలి. బాగున్న చేతితో మొదలుపెట్టండి, ఒక్కో చేతినీ విడిగా చూడండి. 10 సెకన్లు ఆగాలి. రోగికి వినబడేలా, వేళ్లతో చూపిస్తూ లెక్కపెట్టాలి. హడావుడిలో ‘ఒకటి, రెండు’ అంటూ ఆరు సెకన్లకే పదికి చేరిపోతాం, కాబట్టి గోడ గడియారం మీద కన్ను ఉంచండి. పూర్తిగా నిలబెడితే 0. మెల్లగా జారినా పరుపు తాకకపోతే 1. కొంత బలంతో ఆపుతూ ఆపుతూ పరుపు మీదికి చేరితే 2. వదలగానే దబ్బున పడిపోయి, పరుపు మీద కాస్త కదలిక మాత్రమే ఉంటే 3. అసలు కదలకపోతే 4. రెండుకూ మూడుకూ మధ్య అనుమానం వస్తే, కిందికి దిగేటప్పుడు చెయ్యి బరువుకు ఎదురు నిలిచిందా అన్నదే చూడండి. ఆరోది కాళ్లు: 30 డిగ్రీలు, 5 సెకన్లు, స్కోరు ఇదే పద్ధతి. చెయ్యో కాలో తీసేసినవారికి, కీలు బిగుసుకుపోయినవారికి అంకె వేయకూడదు. పరీక్షించలేమని రాసి కారణం రాయాలి.

ఏడోది వేలు–ముక్కు, మడమ–మోకాలు పరీక్ష. బలహీనతకు మించిన తడబాటు ఉంటేనే స్కోరు. చచ్చుబడిన చేతికి 0 వేస్తారు. ఎనిమిదోది స్పర్శ. గుండుసూదితో ముఖం, చెయ్యి, పొట్ట, తొడ రెండువైపులా గుచ్చి పోల్చాలి. అరచేతులు, పాదాల మీద ఆధారపడకండి, షుగర్ రోగుల్లో అక్కడ ముందు నుంచే తిమ్మిరి ఉండొచ్చు.

తొమ్మిదో అంశం భాష. దీనికి తెలుగు రోగి కోసం ప్రత్యేకంగా ఆలోచించాలి. స్కేల్‌తో వచ్చే బొమ్మల్లో చేతి తొడుగు, తాళంచెవి, బ్రహ్మజెముడు, కుర్చీ, ఈక, ఊయల మంచం ఉంటాయి. ఊయల మంచం చూసి ఊరి పెద్దాయన నోరు తెరవకపోతే మెదడు దెబ్బతిన్నదనుకోవాలా, అది ఆయనెప్పుడూ చూడని వస్తువనుకోవాలా? పదో అంశం కోసం పలికించే మాటల్లో హకిల్‌బెర్రీ, బేస్‌బాల్ ప్లేయర్ ఉన్నాయి. ఇంగ్లిష్ రాని మనిషికి ఇవి ఇచ్చి స్కోరు వేయడం అన్యాయం. మీ వార్డులో న్యూరాలజిస్ట్ ఖరారు చేసిన తెలుగు పదాలు, వాక్యాలు ఒక కాగితం మీద పెట్టుకుని, ప్రతి రోగికీ ప్రతిసారీ వాటినే వాడండి. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయితే ఉర్దూలోనే అడిగించాలి. చదువు రానివారు వాక్యం విని తిరిగి చెబితే చాలు. కళ్లు కనబడనివారి చేతిలో వస్తువు పెట్టి పేరు అడగవచ్చు. మాటల కోసం వెతుక్కుంటున్నా విషయం అందితే 1, ముక్కముక్కలుగా వస్తూ మీరే ఊహించుకోవాల్సి వస్తే 2, మాటే లేకపోతే, చెప్పింది బొత్తిగా అర్థం కాకపోతే 3.

మాట ముద్దగా రావడం వేరే సంగతి, అది పదో అంశం. పదాలు సరైనవే, ఉచ్చారణ నలిగిపోతుంది. ఈ రెంటినీ కలిపేసి ‘మాట పడిపోయింది’ అని రాయడం వార్డుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు.

పదకొండోది నిర్లక్ష్యం, అంటే ఒక పక్క ఉందన్న ఎరుకే పోవడం. రెండు చేతుల్నీ ఒకేసారి తాకితే ఒకటే చెబుతారు. కుడి మెదడు దెబ్బతిన్నవారిలో దీన్ని భోజనం దగ్గర కూడా గమనించవచ్చు. పళ్లెంలో కుడివైపు అన్నం తినేసి, ఎడమవైపు కూర ముట్టకుండా “అయిపోయింది” అంటారు.

అన్నీ కూడితే 1–4 స్వల్పం, 5–15 మధ్యస్థం, 16–20 మధ్యస్థం నుంచి తీవ్రం, 21, ఆపైన తీవ్రం. 6, ఆపైన ఉంటే పెద్ద రక్తనాళం మూసుకుపోయిందేమోనన్న అనుమానం బలపడుతుంది. సీటీ యాంజియో, గడ్డను తీగతో లాగేసే చికిత్స చర్చకు వస్తాయి. ఎంపిక చేసిన రోగులకు ఆ చికిత్స 24 గంటల దాకా చేస్తారు. “ఎంత పర్సెంట్ వచ్చిందండీ?” అని ఇంట్లోవాళ్లు అడిగితే ఈ అంకెను శాతంగా చెప్పకండి. 14 వచ్చిందంటే మెదడులో మూడో వంతు పోయినట్టు కాదు.

తక్కువ స్కోరును చూసి నిశ్చింతగా ఉండకూడదు, ఇది గట్టిగా చెప్పాలి. నెల, ఆదేశాలు, భాష కలిపి ఏడు పాయింట్లు మాటతోనే ముడిపడ్డాయి. అందుకే ఎడమ మెదడు స్ట్రోక్‌కు ఎక్కువ, అంతే పెద్ద కుడివైపు స్ట్రోక్‌కు తక్కువ వస్తుంది. మెదడు వెనకభాగంలో వస్తే తల తిరగడం, వాంతులు, నిలబడలేకపోవడం ఉండి కూడా స్కోరు 0 రావచ్చు. పడుకోబెట్టి చూసి పంపకుండా, పక్కన మనిషిని పెట్టుకుని కూర్చోబెట్టండి, వీలైతే నాలుగడుగులు వేయించండి. భాషలో 2 మాత్రమే వచ్చిన టీచర్‌కు ఆ రెండే బతుకుతెరువు. చికిత్స నిర్ణయంలో అది డాక్టర్ చెవిన పడాలి.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాక రోగి నాడీ పరిస్థితిని, బీపీని మొదటి 2 గంటలు 15 నిమిషాలకోసారి, తరువాతి 6 గంటలు అరగంటకోసారి, 24 గంటలు నిండేదాకా గంటకోసారి చూడాలి. స్కోరు 4 పెరిగినా, కొత్తగా తీవ్రమైన తలనొప్పి, వాంతి మొదలైనా మెదడులో రక్తస్రావం అయిందనుకునే కదలాలి. మందు ఎక్కుతుంటే ఆపి, డాక్టర్‌ను పిలిచి, మళ్లీ సీటీకి పంపాలి. షీట్‌లో మొత్తం ఒక్కటే రాయకండి. టైమ్ వేసి, ఏ అంశానికి ఎంతో విడివిడిగా రాయండి. మాట మెరుగై చెయ్యి దిగజారినా మొత్తం 9 దగ్గరే ఉండిపోవచ్చు. డ్యూటీ మారేటప్పుడు వెళ్లేవారు, వచ్చేవారు కలిసి ఒక్కసారి మంచం పక్కన ఈ పరీక్ష చేయాలి. చేతికి మీరు 2 అని, వాళ్లు 3 అని అంటే అక్కడే మళ్లీ చెయ్యి ఎత్తించి, ఒక అంకెకు వచ్చాకే షీట్ అప్పగించండి.