తుప్పు పట్టిన బండి - బాగు చేయించాలా, వద్దా?

అక్కలూ, పిన్నులూ! మీ ఊళ్లో ఏ వేపచెట్టు కిందో, ఏ పాక పక్కనో ఆగిపోయిన బండి ఒకటి ఉండే ఉంటుంది. దాని చక్రాల్లో గాలి ఉండదు. తొట్టిలో గడ్డి మొలుస్తుంది. సీటు మీద కోడి పొదుగుతుంది. "బాగు చేయిస్తే పనికొస్తుంది కదా" అని ఇంట్లో ఒకరు అంటారు. "దాని మీద రూపాయి పెట్టినా దండగే" అని ఇంకొకరు అంటారు. ఎవరి మాట నిజం? చూడకుండా చెప్పలేం. ఏం చూడాలో, ఎలా చూడాలో ఈ పాఠంలో చదువుదాం.

మాది నరసాపురం దగ్గర పల్లె. మా రాత్రి బడికి వచ్చే పిన్ని ఒకామె ఉంది. ఆమె పెనిమిటి చిన్న ట్రాలీ బండి నడిపేవాడు. 2005లో టాటా ఏస్ వచ్చిన తరువాత ఇలాంటి చిన్న బళ్ళు ఊరూరా కనబడుతున్నాయి కదా, అలాంటిదే. 2014లో పాత బండిగా కొన్నాడు. రొయ్యల చెరువుల నుంచి ఐసు పెట్టెలు మోసేవాడు. 2021లో ఆయన పోయాడు. అప్పటి నుంచి బండి వేపచెట్టు కిందే ఉండిపోయింది.

2024 సంక్రాంతికి కొడుకు ఊరి నుంచి వచ్చాడు. "అమ్మా, నాన్న బండి నేను నడుపుతాను. మెకానిక్కును అడిగాను. అరవై వేలల్లో అయిపోద్దన్నాడు. సంఘంలో లక్ష అప్పు తీసుకో. తక్కువైతే నీ దిద్దులు తాకట్టు పెడదాం" అన్నాడు.

పిన్ని ఆ రాత్రి బడికి పలక తేలేదు. మూటలో బండి కాగితాలు తెచ్చింది. "టీచరమ్మా, వాడి మాట కాదనలేను. అవుననాలంటే భయంగా ఉంది. నువ్వొకసారి చూడు" అంది. నాకు బళ్ళ సంగతి అంతగా తెలీదు. మా మేనమామకు వెల్డింగు షాపు ఉంది. ఆదివారం ఆయన్ని పిలిచాను. ఆయనకు ఈ బండి బాగు చేసే పనీ లేదు, కొనే పనీ లేదు. అందుకే పిలిచాను. ఎందుకంటే, బాగు చేసి డబ్బు తీసుకునేవాణ్ణి "బాగు చేయించాలా?" అని అడిగితే ఆయన ఏం చెబుతాడో మనకు తెలిసిందే!

మామయ్య ముందుగా తుప్పు గురించి చెప్పాడు. ఇనుముకు నీరు, గాలి రెండూ తగిలితే తుప్పు పడుతుంది. ఉప్పునీరైతే మరీ తొందరగా పడుతుంది. రొయ్యల పెట్టెల నుంచి కారిన నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఎరువుల బస్తాలు మోసిన బండికీ ఇదే గతి. తుప్పు పొట్టులా రాలిపోతుంది. దాని కింద కొత్త ఇనుము బయటపడుతుంది. దానికి మళ్ళీ తుప్పు పడుతుంది. ఇలా లోపలికి తినుకుంటూ పోతుంది. పైన రంగు వేస్తే కనబడదు, కానీ లోపల తినడం మానదు. తుప్పంతా గీకి, మెరిసే ఇనుము బయటపడ్డాకే రెడ్ ఆక్సైడు పూయాలి.

"అయితే తుప్పంతా ఒకటి కాదమ్మా" అన్నాడు మామయ్య. "మీ తాటాకింటి కప్పు పాడైతే ఏం చేస్తారు?"

"మళ్ళీ నేయించుకుంటాం."

"దూలానికి చెద పడితే?"

పిన్ని మాట్లాడలేదు.

బండికి దూలం లాంటిదే ఛాసిస్. బండి కింద ముందు నుంచి వెనక దాకా పొడుగ్గా ఉండే రెండు ఇనుప దూలాలు అవి. ఇంజను, క్యాబిన్, తొట్టి, అన్నీ వాటి మీదే కూర్చుంటాయి. చక్రాల దగ్గరి కమాన్ కట్టలను కూడా వాటికే బిగిస్తారు. తొట్టి చిల్లులు పడితే కొత్త రేకు వేయించవచ్చు. తలుపు పాడైతే పాత సామాన్ల బజారులో ఇంకో తలుపు దొరుకుతుంది. ఛాసిస్ పోతే మాత్రం బండే పోయినట్లు.

చూడటానికి బండి తొట్టి జల్లెడలా ఉంది. తలుపుల అడుగులు ఊడిపోయాయి. అది చూసే అందరూ పెదవి విరిచేవారు. మామయ్య దాన్ని పట్టించుకోలేదు. గోనె పరిచి బండి కిందికి దూరాడు. సుత్తితో దూలాన్ని తడుతూ వెళ్ళాడు. ముందు వైపు "ఠంగ్, ఠంగ్" అని మోగింది. అంటే ఇనుము గట్టిగా ఉందని. వెనక చక్రాల దగ్గరకు వచ్చేసరికి "దబ్, దబ్" అంది. పగిలిన కుండను తట్టినట్లు. అక్కడ స్క్రూడ్రైవరుతో పొడిచాడు. అది పిడి దాకా లోపలికి పోయింది. కమాన్ కట్టలు బిగించే చోటే అది. బరువంతా మోసేది కూడా ఆ చోటే. పెట్టెల నీళ్లు ఏళ్ల తరబడి సరిగ్గా అక్కడే కారాయి.

"అతుకు వేస్తే ఆగదా మామయ్యా?" అని కొడుకు అడిగాడు.

"అతుకు వేయాలంటే చుట్టూ మంచి ఇనుము ఉండాలి. కుళ్లిన గుడ్డకు కొత్త గుడ్డ కలిపి కుడితే కుట్టు నిలుస్తుందా? ఖాళీ బండి నడుస్తుంది. బరువు వేసుకుని గోతిలో పడితే కమాన్ కట్ట ఊడొస్తుంది. అప్పుడు బండిలో ఉండేది నువ్వే."

ఆ మాటకు పిన్ని ముఖం మారిపోయింది. అంతవరకూ ఆమె డబ్బు గురించే ఆలోచిస్తోంది.

ఇంజను సంగతి తొందరగానే తేలింది. ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాం. ఆయిల్ నల్లగా లేదు, మజ్జిగలా తెల్లగా ఉంది. అంటే అందులో నీళ్లు కలిశాయి. ఇంజను చేత్తో తిప్పితే తిరగలేదు. విప్పి చూడకుండా దాని ఖర్చు ఇంత అని ఎవరూ చెప్పలేరు. అరవై వేలు అన్న మెకానిక్కు అసలు విప్పనే లేదు.

తరువాత కాగితాలు చూశాం. ఇక్కడ పిన్ని నన్ను ఆశ్చర్యపరిచింది. ఆర్.సి.లో ఛాసిస్ నంబరు ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 17. అదే నంబరు ఛాసిస్ మీద కూడా చెక్కి ఉంటుంది. రెండూ ఒకటే కావాలి. తేడా ఉంటే పేరు మార్చుకోవడానికి లేదు, అమ్మడానికీ లేదు. పాత బండి కొనేవాళ్లు ముందు చూడవలసింది ఇదే. దీనికి ఇంగ్లీషు రానక్కరలేదు. చెక్కిన నంబరు మీద పలుచని కాగితం పెట్టి, పెన్సిలుతో అడ్డంగా రుద్దితే నంబరు కాగితం మీదికి వచ్చేస్తుంది. ఆకారాలు చూసి ఒక్కొక్కటీ సరిపోల్చుకోవచ్చు.

పిన్నే రుద్దింది. పిన్నే సరిపోల్చింది. పదకొండోది దగ్గర ఆగింది. "కాగితంలో 8 ఉంది. ఇక్కడ 3 ఉందే!" అంది. కొడుకు రెండుసార్లు చూసి కూడా అది గమనించలేదు. కిరసనాయిలు పోసి, తీగ బ్రష్షుతో రుద్దాం. 8లో ఎడమ సగాన్ని తుప్పు కప్పేసింది, అంతే. మళ్ళీ కాగితం పెట్టి రుద్దితే 8 వచ్చింది. నాలుగు నెలల క్రితం ఈ పిన్నే బస్సు నంబరు పక్కవాళ్లను అడిగేది!

ఆర్.సి.లో ఇంకో రెండు సంగతులు ఉన్నాయి. మొదటిది తేదీ: 2009 ఆగస్టు. అంటే 2024 ఆగస్టుకు బండికి 15 ఏళ్లు నిండుతాయి. కిరాయి బండికి 8 ఏళ్లు దాటితే ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. 15 ఏళ్లు దాటిన బళ్ళకు ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెరిగింది. రెండోది బండి ఖాళీ బరువు: 805 కిలోలు. ఈ అంకె తరువాత పనికొచ్చింది.

యజమాని చనిపోతే బండిని వారసుల పేరుకు మార్చాలి. 30 రోజుల్లో రవాణా ఆఫీసుకు తెలియజేయాలి. మూడు నెలల్లో 31వ నంబరు ఫారంతో దరఖాస్తు పెట్టాలి. పిన్నికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆలస్యమైనా చేయించుకోవచ్చు, కాకపోతే అదనంగా డబ్బు కట్టాలి. మరణ పత్రం, కుటుంబ సభ్యుల పత్రం జాగ్రత్తగా ఉంచుకోండి. అన్నిటికీ అవే అడుగుతారు.

ఆ సాయంత్రం పిన్ని నోటుబుక్కులో లెక్క రాసింది. ధరలు మామయ్య, మెకానిక్కు చెప్పినవి.

ఇంజను - 35,000
తొట్టి - 22,000
తలుపులు, రంగు - 18,000
టైర్లు నాలుగు - 14,000
బ్యాటరీ, వైర్లు - 9,000
ఛాసిస్ అతుకు - 8,000
బ్రేకులు - 6,000
బీమా, ఫిట్‌నెస్, పేరు మార్పు - 28,000

మొత్తం 1,40,000 రూపాయలు. అరవై వేలు అని నోటితో అన్నది కాగితం మీద రాసేసరికి ఇంత అయింది. అదే వయసున్న, నడిచే బండి, కాగితాలతో సహా లక్షా పదివేలకు దొరుకుతోంది.

కొడుకు ఒప్పుకోలేదు. "కిరాయిలు వస్తాయి కదా" అన్నాడు. సరే, అదీ రాద్దామన్నాను. కిరాయికి 800. డీజిలుకు 350 పోతే మిగిలేది 450. నెలకు 15 కిరాయిలు దొరికితే 6,750. సంఘం వాయిదా 5,000. మిగిలింది 1,750. బీమా, ఫిట్‌నెస్ కోసం నెలకు 2,000 పక్కన పెట్టాలి. ఇంకా 250 రూపాయలు చేతి నుంచి వేసుకోవాలి. టైరు పంచరైతే? నడిపినవాడికి కూలి ఏది? కొడుకు ఆ పేజీ వైపు చాలాసేపు చూశాడు.

పాత బండి బాగు చేయించడమే తప్పని అనుకోకండి. మా పక్క ఊరిలో కొబ్బరికాయలు మోసే బాబాయి బండి చూడటానికి ఇంతకన్నా అధ్వాన్నంగా ఉండేది. కానీ దానికి ఉప్పునీరు తగల్లేదు. ఛాసిస్ అంతా "ఠంగ్" మనేది. ఇంజను తిరిగేది. 45,000 పెట్టి తొట్టి, టైర్లు, బ్రేకులు చేయించాడు. ఇప్పుడు దర్జాగా తిప్పుకుంటున్నాడు.

పిన్ని రెండు రోజులు ఏమీ అనలేదు. మూడో రోజు "అమ్మేద్దాం" అంది. "ఆయన బండి కదా అని ఇన్నాళ్లూ ఆపాను. ఆపినందువల్ల ఆయన రాలేదు, బండీ మిగల్లేదు" అంది. కళ్లు తుడుచుకుంది.

ఊళ్లోకి వచ్చే పాత ఇనుప సామాన్లవాడు బండి చుట్టూ ఒకసారి తిరిగి 11,000 ఇస్తానన్నాడు. కాగితాల మాట ఎత్తలేదు. ఇలా ఇవ్వకండి. బండి పోయినా రికార్డులో మన పేరే ఉంటుంది. ఆ నంబరుతో ఎవరేం చేసినా ముందు మన ఇంటికే వస్తారు. 2021 నుంచి ప్రభుత్వం దగ్గర నమోదైన తుక్కు కేంద్రాలు వచ్చాయి. అక్కడ బండి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. బండి రిజిస్ట్రేషను కూడా రద్దు చేయించుకోవచ్చు. పిన్ని అక్కడికే ఫోను చేయించింది. వాళ్లు కిలోకు 24 చెప్పారు. ఆర్.సి.లోని 805 గుర్తు పెట్టుకుని, "19,320 అవుతుంది" అని ఫోను పెట్టకముందే లెక్క చెప్పేసింది.

తూకంలో మాత్రం 760 కిలోలే వచ్చింది. మిగతా 45 కిలోలు ఏమయ్యాయి? బ్యాటరీ లేదు. స్టెపినీ లేదు. కొంత ఇనుము తుప్పై ఆ చెట్టు కిందే రాలిపోయింది. ఇంకో వస్తువు కూడా తగ్గింది. తొట్టి వెనక తలుపును పిన్ని ముందురోజే ఊడదీయించింది. దాని మీద ఆయన రాయించిన "అమ్మ దీవెన" అనే అక్షరాలు ఇంకా చెరిగిపోలేదు. ఇప్పుడది ఆమె కోళ్ల గూటికి తలుపు. పొద్దున్నే గూడు తెరిచేటప్పుడు ఆ రెండు మాటలూ పైకే చదువుతుంది.

లెక్క చేయండి:

1. 760 కిలోలకు, కిలో 24 చొప్పున ఎంత వస్తుంది? అందులో బండి లాక్కుపోయిన ఖర్చు 2,500 తీసేస్తే పిన్ని చేతికి ఎంత వచ్చింది?

2. నెలకు 15 కాక 22 కిరాయిలు దొరికితే, వాయిదా, బీమా పోగా ఎంత మిగులుతుంది? అప్పుడైతే మీరు ఆ బండి బాగు చేయించేవారా? మీ గుంపులో మాట్లాడుకోండి.