గేర్‌బాక్సు దించడం: ఏ బోల్టు ఏ బరువు మోస్తుంది?

బదిలీ ఉత్తర్వు వచ్చిందంటే మన ఇళ్ళలో ఏం జరుగుతుందో మనందరికీ తెలుసు. సామాను లారీ ఎక్కుతుంది, టీసీ చేతికొస్తుంది, కారు మాత్రం రోడ్డు మీదే కొత్త ఊరు చేరాలి. భిలాయి నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు కారులో వెళ్ళేవాళ్ళు రాయ్‌పూర్ దాటి ధమ్‌తరి, కాంకేర్, జగ్దల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరుకు దిగుతారు. ఆ దారిలో మొదట కేశకాల్ ఘాటు, తర్వాత సాలూరు ఘాటు వస్తాయి. క్లచ్ అరిగిన కారు సెక్టార్ల మధ్య చదునైన రోడ్ల మీద ఎలాగో నడుస్తుంది. నిండా మనుషులు, సామాను ఉన్నప్పుడు ఘాటు ఎక్కలేదు. ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, కాలిన వాసన వస్తుంది, కారు ముందుకు కదలదు.

ఆ క్లచ్ ప్లేటు అన్నం తినే కంచమంత కూడా ఉండదు. కానీ దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సు మొత్తం దించాలి. ఎందుకు దించాలి? ఏ క్రమంలో దించాలి? ఆ క్రమం తప్పితే ఏమవుతుంది? ఇవి తెలుసుకోవడానికి పదకొండో తరగతి విద్యార్థులం నలుగురం సుపేలాలోని ఒక గ్యారేజీలో ఒక ఆదివారం గడిపాం. అక్కడ మారుతి 800 కారు గేర్‌బాక్సు దించుతుంటే మొదటి నుంచి చివరి వరకు చూశాం. మేస్త్రీ గారిది పలాస దగ్గరి ఊరు. వాళ్ళ నాన్నగారు ప్లాంటులో పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారట.

గేర్‌బాక్సు ఎందుకు?

ఇంజిన్ వేగంగా తిరుగుతుంది, కానీ దాని తిప్పే బలం తక్కువ. ఆగి ఉన్న కారును కదిలించడానికి వేగం కంటే బలం ముఖ్యం. ఒకటి తగ్గించి మరొకటి పెంచేవి పళ్ళచక్రాలు.

ఒక లెక్క చేద్దాం. మొదటి గేరులో చిన్న చక్రానికి 12 పళ్ళు, పెద్ద చక్రానికి 42 పళ్ళు ఉన్నాయనుకుందాం. చిన్నది మూడున్నర చుట్లు తిరిగితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే నిష్పత్తి 3.5. ఆ తర్వాత చివరి జత చక్రాలు వేగాన్ని మరో 4 రెట్లు తగ్గిస్తాయనుకుందాం. మొత్తం 3.5 × 4 = 14. ఇంజిన్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే కారు చక్రం 200 చుట్లే తిరుగుతుంది. రాపిడి వల్ల పోయేది పక్కన పెడితే, తిప్పే బలం 14 రెట్లు పెరుగుతుంది. మారుతి 800 చక్రం చుట్టుకొలత సుమారు 1.6 మీటర్లు. కాబట్టి కారు నిమిషానికి 320 మీటర్లు, అంటే గంటకు దాదాపు 19 కిలోమీటర్లు వెళ్తుంది. ఘాటు ఎక్కేది ఈ బలంతోనే.

ఇంజిన్‌కు, గేర్‌బాక్సుకు మధ్య ఉండేది క్లచ్. ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన ఫ్లైవీలుకు, స్ప్రింగులున్న ప్రెషర్ ప్లేటుకు మధ్య క్లచ్ ప్లేటు నలిగి ఉంటుంది. పెడల్ తొక్కితే ఆ పట్టు వదులవుతుంది, వదిలితే బిగుస్తుంది. పట్టు అంతా ఘర్షణ వల్లే. ప్లేటు మీది పదార్థం అరిగిపోతే పట్టు జారుతుంది. ఇంజిన్ శక్తి చక్రాలకు చేరకుండా అక్కడే వేడిగా మారుతుంది. ఘాటులో వచ్చే కాలిన వాసన దానిదే.

ముందు చక్రాలతో నడిచే కారు

అంబాసిడర్ కారులో ఇంజిన్ ముందు ఉంటుంది, కారును నడిపేది వెనుక చక్రాలు. గేర్‌బాక్సు నుంచి వెనక్కి ఒక పొడవైన షాఫ్టు వెళ్తుంది. మారుతి 800లో ఆ షాఫ్టు లేదు. ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్సు దాని పక్కనే అతుక్కుని ఉంటుంది, అక్కడి నుంచి రెండు పొట్టి షాఫ్టులు ముందు చక్రాలకే వెళ్తాయి. లోపల మనుషులకు చోటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది.

ఇంజిన్‌ను అడ్డంగా పెట్టి ముందు చక్రాలను నడిపే పద్ధతికి పేరు తెచ్చిన కారు బ్రిటన్‌కు చెందిన మినీ. అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన ఆ కారు 1959 ఆగస్టులో వచ్చింది. అదే ఏడాది ఫిబ్రవరి 4న మన భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మినీలో గేర్‌బాక్సు ఇంజిన్ కిందే ఉండేది, రెండింటికీ ఒకటే నూనె. గేర్‌బాక్సును ఇంజిన్ పక్కకు మార్చి, దాని నూనె దానికే ఉంచే అమరికను ఇటలీ ఇంజినీరు దాంతే జకోసా 1964లో ఆటోబియాంకీ ప్రిములా కారులో తెచ్చారు. మన మారుతి 800 అమరిక కూడా ఈ తరహాదే. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు కొనుగోలుదారుకు అందాయి. మూడు సిలిండర్ల ఇంజిన్, 796 సీసీలు. 2014లో తయారీ ఆగిపోయినా ఇప్పటికీ మన వీధుల్లో కనిపిస్తూనే ఉంది.

ఈ అమరికలో ఒక చిక్కుంది. గేర్‌బాక్సు పెట్టెలోనే డిఫరెన్షియల్ కూడా ఉంటుంది. ముర్గా చౌక్ దగ్గర కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్తాయి. రెండూ వేరు వేరు వేగాలతో తిరగనిచ్చేది డిఫరెన్షియల్. కాబట్టి ఈ పెట్టెకు ఒక పక్క ఇంజిన్, రెండు వైపులా షాఫ్టులు, పైన కేబుళ్ళు, కింద సస్పెన్షన్. అన్నిటికీ మధ్యలో ఇరుక్కుని ఉంటుంది. అంతేకాదు, ఇంజిన్ బరువులో కొంత భాగం కారు బాడీకి చేరేది గేర్‌బాక్సుకు ఉన్న మౌంటింగ్ ద్వారానే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని పని పడుతుంది.

కారు కిందికి వెళ్ళే ముందు

మేమూ సాయం చేస్తామని పానా అడిగితే మేస్త్రీ గారు వెంటనే ఇవ్వలేదు. "ఈ బోల్టు ఇప్పితే ఏది కిందికి దిగుద్దో చెప్పు బాబూ, అప్పుడు పానా ఇత్తాను" అన్నారు. ఆ రోజంతా ప్రతి బోల్టు దగ్గరా అదే ప్రశ్న. ఈ పాఠం మొత్తంలో ముఖ్యమైనది కూడా అదే.

కారు చదునైన గట్టి నేల మీద ఉండాలి. హ్యాండ్‌బ్రేకు వేసి, వెనుక చక్రాలకు రెండు వైపులా అడ్డు పెట్టాలి. చక్రాల నట్లను నేల మీద ఉండగానే కాస్త వదులు చేయాలి. గాలిలో ఉన్న కారు మీద బలం పెడితే అది ఊగుతుంది.

జాకీతో లేపిన వెంటనే స్టాండ్లు పెట్టాలి. అవి కూడా రేకు మీద కాదు, కారు పుస్తకంలో చూపిన గట్టి చోట్ల కిందే. ఆ తర్వాత కారును చేత్తో గట్టిగా ఊపి చూడాలి. పడేదైతే మనం బయట ఉన్నప్పుడే పడాలి. "జాకీ లేపడానికే బాబూ, నిలబెట్టడానికి కాదు" అన్నారు మేస్త్రీ గారు. జాకీలో నూనె కారినా, కారు అంగుళం జరిగినా కింద ఉన్న మనిషి ప్రాణం పోతుంది. జాకీ ఒక్కదాని మీద ఉన్న కారు కిందికి ఎవరూ, ఒక్క నిమిషానికైనా, వెళ్ళకూడదు.

దించే క్రమం

1. బ్యాటరీ. ముందు నెగటివ్ తీగ తీయాలి. కారు బాడీ అంతా నెగటివ్‌కు కలిపి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పబోతే, పానా రెండో కొస బాడీకి తగలగానే నిప్పురవ్వలు లేస్తాయి.

2. నూనె. గేర్ ఆయిల్ కింది మర ద్వారా దించాలి. కానీ దానికంటే ముందు నూనె పోసే పై మర వస్తుందో లేదో చూడాలి. అది తుప్పు పట్టి రాకపోతే, నూనె దించేశాక మళ్ళీ పోయడానికి దారి ఉండదు.

3. పైనున్నవి. క్లచ్ కేబులు, స్పీడోమీటర్ కేబులు, రివర్స్ లైటు తీగ, ఎర్త్ తీగ, గేర్ రాడ్డు ఒక్కొక్కటే విడదీయాలి. సెల్ఫ్ మోటారును కూడా ఊడదీసి పక్కన పెట్టాలి, తీగకు వేలాడనివ్వకూడదు. ఇవేవీ బరువు మోయవు. కానీ ఒక్కటి మరచిపోయినా గేర్‌బాక్సు దిగేటప్పుడు తెగుతుంది.

4. షాఫ్టులు. ముందు చక్రాలు తీసి, కింది ఆర్మ్ బాల్ జాయింటును విడదీస్తే చక్రం హబ్బు పక్కకు జరుగుతుంది. అప్పుడు షాఫ్టు లోపలి కొసను రాడ్డుతో మెల్లగా ఎత్తి గేర్‌బాక్సు నుంచి ఊడదీస్తారు. షాఫ్టును పట్టుకుని లాగితే జాయింటు లోపల విడిపోతుంది. కాబట్టి జాయింటు దగ్గరే పట్టుకోవాలి. రబ్బరు బూటు చిరిగితే గ్రీజు పోయి దుమ్ము చేరుతుంది. రెండు షాఫ్టుల పొడవులు ఒకటి కావు, కుడి ఎడమలు గుర్తు పెట్టుకోవాలి.

5. ఇంజిన్‌కు ఆసరా. ఇందాక గుర్తుపెట్టుకోమన్న మాట ఇక్కడ అవసరం. గేర్‌బాక్సు మౌంటింగ్ విప్పితే ఇంజిన్ ఆ వైపు ఒరిగిపోతుంది, గొట్టాలు, తీగలు లాగుకుంటాయి. అందుకే ముందుగా ఇంజిన్‌ను పైనుంచి అడ్డకమ్మీకి గొలుసుతో వేలాడదీయాలి, లేదా కింద జాకీ పెట్టాలి. జాకీకి, ఆయిల్ సంపుకు మధ్య వెడల్పాటి చెక్కదిమ్మ ఉండాలి. అది లేకపోతే బరువంతా ఒక్క చోట పడి సంపు నొక్కుకుపోతుంది. పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించడమని మనం తొమ్మిదో తరగతిలోనే చదువుకున్నాం.

6. మౌంటింగ్, బెల్ హౌసింగ్ బోల్టులు. గేర్‌బాక్సు కింద మరో జాకీ పెట్టాకే వీటిని విప్పాలి. ఈ బోల్టుల పొడవులు వేరు వేరు. మేస్త్రీ గారు ఒక అట్టముక్క మీద గేర్‌బాక్సు బొమ్మ గీసి, ఏ చోటి బోల్టును ఆ చోటే అట్టకు గుచ్చారు. బదిలీ వేళ అమ్మ ప్రతి పెట్టె మీద 'వంటగది', 'పుస్తకాలు' అని రాసినట్టే. కొత్త ఇంట్లో పెట్టెలు విప్పేటప్పుడు ఆ రాత విలువ తెలుస్తుంది. పొట్టి బోల్టు ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే కొస లోపలికి తగిలి పెట్టె పగలవచ్చు.

7. దించడం. గేర్‌బాక్సు ముందుభాగంలోని షాఫ్టు క్లచ్ ప్లేటు మధ్య గాళ్ళలోకి దూరి ఉంటుంది. కాబట్టి నిటారుగా కిందికి కాదు, ముందు ఇంజిన్ నుంచి పక్కకు తిన్నగా జరగాలి. సగం జరిగాక వదిలేస్తే బరువంతా ఆ షాఫ్టు మీద వేలాడి క్లచ్ ప్లేటు వంగిపోతుంది. చిన్న కారుదైనా గేర్‌బాక్సు పాతిక కిలోల బియ్యం సంచికి అటూ ఇటూగా తూగుతుంది, పైగా పట్టు దొరకదు. ఇద్దరు పట్టుకుని, జాకీని జరుపుతూ దించారు. మేం దూరంగా నిలబడి చూశాం.

దిగాక కనిపించేవి

క్లచ్ ప్లేటు రివెట్ల తలల దాకా అరిగిపోయి ఉంది. దాని చుట్టూ నల్లటి ధూళి. దాన్ని గాలితో ఊదకూడదు. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ వాడేవారు, అది ఊపిరితిత్తులకు విషం. తడిగుడ్డతో తుడవాలి. ప్లేటుతో పాటు ప్రెషర్ ప్లేటును, రిలీజ్ బేరింగును, ఆయిల్ సీళ్ళను కూడా పరీక్షిస్తారు. పాడైన చిన్న సీలును అలాగే వదిలేస్తే దాని కోసం ఈ పనంతా మళ్ళీ చేయాలి.

ఉక్కు ఊరి పిల్లలం కదా, ఏ భాగం ఏ లోహంతో చేశారో అడిగాం. పళ్ళచక్రాలు మిశ్రమ ఉక్కువి. పైపొర అరగకుండా గట్టిగా, లోపలి భాగం విరగకుండా కాస్త మెత్తగా ఉండేలా వాటిని వేడిచేసి తయారుచేస్తారు. మన భిలాయి ప్రధానంగా రైలు పట్టాలకు, ప్లేట్లకు పేరు పొందింది. మిశ్రమ ఉక్కు కోసం సెయిల్‌కు దుర్గాపూర్‌లో వేరే ప్లాంటు ఉంది. గేర్‌బాక్సు పెట్టె మాత్రం ఉక్కు కాదు, అల్యూమినియం. మన రాష్ట్రంలోని కోర్బాలో తయారయ్యే లోహం అది. తేలిక, కానీ మెత్తన. ఉక్కు బోల్టును బలమంతా పెట్టి బిగిస్తే పెట్టెలోని మరలు తెగిపోతాయి. అందుకే చివరి బిగింపు టార్క్ రెంచితో, పుస్తకంలో చెప్పిన కొలత మేరకే చేస్తారు.

తిరిగి ఎక్కించడం

ఎక్కించడం అంటే విప్పిన క్రమాన్ని వెనక నుంచి మొదలుపెట్టడమే. కొత్త ప్లేటును సరిగ్గా మధ్యలో నిలపడానికి ఒక నమూనా షాఫ్టును దూర్చి, అప్పుడు ప్రెషర్ ప్లేటును బిగిస్తారు. మధ్యలో లేకపోతే గేర్‌బాక్సు ఎంత తోసినా లోపలికి వెళ్ళదు. బోల్టులతో లాగి దగ్గరకు తెచ్చే ప్రయత్నం చేస్తే పెట్టె చెవి విరుగుతుంది. రెండు ముఖాలు చేత్తోనే కలవాలి, బోల్టులు పట్టి ఉంచడానికి మాత్రమే. తర్వాత నూనె పోసి, క్లచ్ పెడల్ వదులు సరిచేసి, అన్ని గేర్లూ పడుతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే కారును నేలకు దించాలి.

సాయంత్రం అట్టముక్క మీద ఒక్క బోల్టు కూడా మిగలలేదు. పని పూర్తయిందనడానికి మేస్త్రీ గారు చూసిన గుర్తు అదే.

ఆలోచించండి

1. రెండో గేరులో చక్రాలకు 18, 36 పళ్ళు, చివరి జత నిష్పత్తి 4 అనుకుంటే, ఇంజిన్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగేటప్పుడు మారుతి 800 వేగం ఎంత? (జవాబు: గంటకు 33.6 కిలోమీటర్లు)

2. అంబాసిడర్ గేర్‌బాక్సు దించేటప్పుడు, పైన చెప్పిన 7 మెట్లలో ఏది అవసరం ఉండదు? దానికి బదులు ఏది విప్పాలి?

3. మీ ఇంట్లో మంచం, సైకిలు, సీలింగ్ ఫ్యాను, ఏదో ఒకటి ఎంచుకోండి. ప్రతి బోల్టు ఏ బరువు మోస్తుందో, దాన్ని విప్పితే ఏది కిందికి వస్తుందో కాగితం మీద రాయండి. విప్పకండి, రాయండి చాలు. రాసింది పెద్దవాళ్ళకు చూపించండి.