కంప్యూటరులో రెండవ డిస్కు: అవసరము – అమరిక – జాగ్రత్తలు

– బి.యస్‌సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి

విజ్ఞానశాస్త్రము మనిషికిచ్చిన పరికరములలో కంప్యూటరు వలె మన జ్ఞాపకాలను తనలో దాచుకున్నది మరొకటి లేదు. పెండ్లి ఫోటోలు, ప్రాజెక్టు రిపోర్టులు, ప్రాక్టికల్ రికార్డుల లెక్కలు, ఊరి సంఘం జమాఖర్చులు అన్నీ ఇప్పుడు ఒక చిన్న పెట్టెలో ఉంటున్నాయి. ఆ పెట్టెలో కూడా ఇవన్నీ నిలిచేది ఒకే ఒక డిస్కు మీద. ఆ డిస్కు పోతే మన గతి ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసము.

కొండగట్టు నుంచి జగిత్యాల పోయే దారిలో నాకు తెలిసిన ఒక ఫోటో స్టూడియో ఉన్నది. ఒక ఎండాకాలం దాని కంప్యూటరులోని డిస్కు రెండు రోజులు టిక్కు టిక్కుమని, మూడో రోజు ఆగిపోయింది. కొన్నేండ్ల పెండ్లిళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. మా ఊరి అవ్వ ఒకామె, చనిపోయిన కొడుకు పెండ్లి ఫోటో మళ్లీ కడిగించుకుందామని వచ్చింది. ఇంట్లో ఆల్బమును చెదలు తిన్నాయట. "డిస్కు పోయింది అవ్వా" అని తప్ప ఆయన ఏమీ చెప్పలేకపోయినాడు. పోయిన డిస్కు నుంచి ఫోటోలు తీయించడానికి అడిగిన సొమ్ము కొత్త కంప్యూటరు ధరను మించింది. అందులో కొద్ది భాగంతోనే ముందుగా రెండవ డిస్కు వచ్చి ఉండేది.

డిస్కు ఎందుకు పోతుంది?

మొదటి హార్డ్ డిస్కును ఐ.బి.యమ్. కంపెనీ 1956లో తయారు చేసింది. 24 అంగుళాల పళ్లేలు 50 పేర్చిన ఆ యంత్రంలో పట్టినవి 50 లక్షల అక్షరాలు మాత్రమే. ఇప్పుడు అరచేతిలో పట్టే డిస్కులో లక్షల కోట్ల అక్షరాలు పడుతున్నాయి. కాని మూలసూత్రం మారలేదు. తిరిగే పళ్లెం మీద అయస్కాంతపు గుర్తులను ఒక చిన్న మొన వ్రాస్తుంది, చదువుతుంది. డెస్క్‌టాప్ డిస్కు సాధారణంగా నిమిషానికి 7200 సార్లు, అనగా సెకనుకు 120 సార్లు తిరుగుతుంది. పళ్లేనికీ మొనకూ మధ్య సందు కొన్ని నానోమీటర్లే. మన తల వెంట్రుక మందం దానికి వేల రెట్లు. ఇంత సున్నితమైన యంత్రము ఏండ్ల తరబడి తిరిగితే అరగక తప్పదు. వ్రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైళ్లు సగంలో చెడిపోతాయి.

యస్.యస్.డి. అనే కొత్త రకంలో తిరిగే భాగాలు లేవు గనుక అది పోదని కొందరి నమ్మకం. ఇది సరి కాదు. అది చప్పుడు చెయ్యకుండానే ఒకనాడు ఆగిపోవచ్చు.

బ్యాకప్ అంటే ఏమిటి?

పహాణీ నకలు అంటే మన పల్లెల్లో తెలియనివారు లేరు. బ్యాకప్ కూడా నకలే. ఇది రెండు విధములు. మన ఫోటోలు, ఉత్తరాలు, లెక్కలను మాత్రమే దాచేది ఫైళ్ల నకలు. విండోస్ లేక లినక్స్, దాని మీద ఎక్కించిన ప్రోగ్రాములు, సెట్టింగులు అన్నింటినీ ఉన్నవి ఉన్నట్లుగా దాచేది సిస్టమ్ ఇమేజ్. ఇమేజ్ ఉంటే కొత్త డిస్కు మీదికి దించుకొని ఆ పూటకే పని మొదలుపెట్టవచ్చు. రెండూ ఉండడం మంచిది.

ఒక సందేహం తీర్చుకోవాలి. రెండు డిస్కుల మీద ఒకేసారి వ్రాసే పద్ధతిని రెయిడ్ అద్దపు ప్రతి అంటారు. ఇది బ్యాకప్ కాదు. మనం పొరపాటున ఒక ఫైలు చెరిపితే అదే క్షణంలో రెండు చోట్లా చెరిగిపోతుంది. నిన్నటి రూపం దాచినదే నకలు.

అమర్చు విధానము

కొనేముందు క్యాబినెట్ తెరిచి మూడు చూడాలి: డిస్కు పెట్టేందుకు ఖాళీ అర, మదర్‌బోర్డు మీద ఖాళీ సాటా పోర్టు, యస్.యమ్.పి.యస్. నుంచి వచ్చే ఖాళీ పవర్ కనెక్టరు. కొన్ని బోర్డులలో యమ్.2 రకపు యస్.యస్.డి. పెడితే ఒక సాటా పోర్టు పనిచెయ్యదు. బోర్డు పుస్తకంలో ఇది వ్రాసి ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న జాగాకు కనీసం రెట్టింపు పట్టే డిస్కు తీసుకుంటే పాత నకళ్లు కూడా కొన్ని ఉంచుకోవచ్చు. 1 టెరాబైట్ డిస్కును విండోస్ 931 గిగాబైట్లుగా చూపితే దుకాణంవాడు మోసం చేసినాడని అనుకోవద్దు. కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడమే ఆ తేడా.

ఇక పని క్రమము:

1. కంప్యూటరును షట్‌డౌన్ చేసి, ప్లగ్గు పీకి, పవర్ బటన్ ఒకసారి నొక్కాలి. లోపల మిగిలిన విద్యుత్తు దిగిపోతుంది.

2. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి, ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకోవాలి.

3. డిస్కును అరలో జరిపి, రెండు వైపులా స్క్రూలు బిగించాలి. వదులుగా ఉంటే అదురుతుంది.

4. 7 గీతల సన్న కేబులును డిస్కు నుంచి మదర్‌బోర్డుకు, 15 గీతల వెడల్పు పవర్ కనెక్టరును డిస్కుకు పెట్టాలి. రెండింటి మూతీ 'ఎల్' ఆకారంలో ఉండడం వల్ల ఒకే వైపు పడతాయి. పడకపోతే బలవంతం చెయ్యరాదు, తిప్పి చూడాలి.

5. కంప్యూటరు వేసి బయాస్‌లో కొత్త డిస్కు పేరు కనబడుతున్నదా చూడాలి. కనబడకపోతే కేబులు చూడాలి.

6. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, కొత్త డిస్కును జీ.పీ.టీ. పద్ధతిలో ఇనిషియలైజ్ చేసి, యన్.టీ.యఫ్.యస్. ఫార్మాట్ చేసి, 'బ్యాకప్' అని పేరు పెట్టాలి. పాత యమ్.బీ.ఆర్. పద్ధతి మామూలుగా 2 టెరాబైట్లకు మించి చూడలేదు.

ఈ ఆరవ మెట్టు మీదనే ఎక్కువ ప్రమాదము. పాత డిస్కును ఫార్మాట్ చేస్తే ఉన్నదీ పోతుంది. వరుస సంఖ్యను నమ్మక, డిస్కు సైజు, 'అన్ఎలకేటెడ్' అన్న మాట రెండూ చూసిన తరువాతే బటన్ నొక్కాలి.

నకలు తీయడం

సిస్టమ్ ఇమేజ్ కోసం క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా అనే ఉచిత సాధనాలున్నాయి. వీటిని పెన్‌డ్రైవ్ మీద ఎక్కించి, దానితో కంప్యూటరును వేస్తే మొదటి డిస్కు మొత్తాన్ని ఒక ఇమేజ్‌గా రెండవ దాని మీద దాస్తాయి. 200 గిగాబైట్లను సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో వ్రాస్తే లెక్క ప్రకారం 22 నిమిషాలు పడుతుంది. ఆచరణలో ఇంకా కొంత ఎక్కువే. ఆ పెన్‌డ్రైవ్ భద్రంగా ఉంచాలి. డిస్కు పోయినప్పుడు కంప్యూటరును లేపేది అదే. డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉన్నవారు రికవరీ నంబరును కాగితం మీద వ్రాసిపెట్టుకోవాలి.

రోజువారీ ఫైళ్లకు విండోస్‌లోని ఫైల్ హిస్టరీ చాలును. అది మామూలుగా గంటకొకసారి మారిన ఫైళ్లను దాస్తుంది. లినక్స్‌లో టైమ్‌షిఫ్ట్ సిస్టమును కాపాడుతుంది గాని మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డరును తనంతట తాను చేర్చదు. దానికి వేరుగా నకలు తీసుకోవాలి.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సేవలు 2025 అక్టోబరు 14తో ముగిసినాయి. పాత కంప్యూటర్లను విండోస్ 11కో, లినక్స్‌కో మార్చుకునే మిత్రులు ముందు ఒక ఇమేజ్ తీసుకోవడం మరువరాదు.

ఒకే పెట్టెలో రెండు డిస్కులు చాలునా?

చాలవు. రెండు డిస్కులకూ కరెంటు వచ్చేది ఒకే యస్.యమ్.పి.యస్. నుంచి. తొలకరి ఉరుముల వేళ పిడుగుపాటుకు తీగల వెంట ఎక్కువ కరెంటు దూకితే రెండూ ఒకేసారి కాలవచ్చు. దొంగ ఎత్తుకుపోయేది పెట్టె మొత్తాన్ని. ఇక రాన్సమ్‌వేర్ అనే దుష్ట ప్రోగ్రాము తనకు కనబడిన డిస్కులన్నింటికీ తాళం వేసి డబ్బు అడుగుతుంది. 2022 నవంబరులో ఢిల్లీలోని ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్ల మీద ఇటువంటి దాడి జరిగి, రోగుల నమోదు రోజుల తరబడి చేతివ్రాతతో నడిచింది. దెబ్బతినని బ్యాకప్ సర్వరు ఒకటి ఉండడం వల్లనే ఆ సమాచారం మళ్లీ దొరికింది.

అందుకే పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన 3–2–1 సూత్రం గుర్తుంచుకోవాలి. మొత్తం 3 ప్రతులు, 2 రకాల సాధనాల మీద, అందులో 1 వేరే చోట. లోపలి రెండవ డిస్కు రోజువారీ రక్షణ. నెలకొకసారి బయటి డిస్కు మీద ఇంకొక నకలు తీసి, దాన్ని ఊడదీసి, చుట్టాల ఇంట్లోనో మరొక ఊళ్లోనో ఉంచితే సూత్రం పూర్తవుతుంది.

ఈ తెలివి మన నేలకు కొత్త కాదు. కొండగట్టుకు దగ్గరలోనే ఉన్న కురిక్యాల బొమ్మలగుట్ట మీద, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు కంద పద్యాలు అందులో వేయేండ్లకు పైగా నిలిచినాయి. అయినా అది ఒకే బండ, దానికీ బీటలు పడవచ్చు. అందుకే పండితులు శాసనాలకు కాగితపు అచ్చులు తీసి, పుస్తకాలలో ముద్రించి, వేరు వేరు చోట్ల భద్రపరుస్తారు. రాతికే నకలు అవసరమైనప్పుడు తిరిగే పళ్లేనికి అవసరం లేదా?

మన జగిత్యాల, కోరుట్ల రైతులు పసుపు త్రవ్విన తరువాత పంటంతా ఉడకబెట్టరు. విత్తనం దుంపలను వేరు చేసి, నీడలో ఆకులు కప్పి, వానకాలం దాకా దాస్తారు. ఎంత చూడచక్కగా ఉన్నా ఉడికిన కొమ్ము మొలకెత్తదు. చెడిన బ్యాకప్ కూడా అటువంటిదే. చూడడానికి ఫైలు ఉంటుంది, తెరిస్తే తెరుచుకోదు. విత్తే ముందు నూరు గింజలు తడిగోనెలో చుట్టి ఎన్ని మొలిచినాయో లెక్కపెట్టినట్లే, మూడు నెలలకొకసారి నకలు నుంచి నాలుగు ఫైళ్లు వెనక్కి తీసి తెరిచి చూడాలి. ఇమేజ్‌ను వీలైతే ఒక పాత డిస్కు మీదికి దించి, కంప్యూటరు లేస్తుందో లేదో చూసుకోవాలి. పరీక్షించని బ్యాకప్ ఉన్నా లేనట్లే.

మిత్రులారా, డిస్కు మళ్లీ కొనవచ్చు. ఆ అవ్వ అడిగిన ఫోటోను ఏ దుకాణంలోనూ కొనలేము. మన ప్రాజెక్టులే కాదు, మనల్ని నమ్మి ఇతరులు అప్పగించినవి కూడా మన కంప్యూటర్లలో ఉన్నాయి. సెలవులకు ఇంటికి పోయేలోపు ప్రతి విద్యార్థీ ఒక్క నకలైనా తీసుకుంటే, ఈ వ్యాసము వ్రాసిన శ్రమ ఫలించినట్లే.