పసిపిల్లలలో ఈస్టు పూత, ‘పడని’ ఆహారము: నిజమెంత? అపోహ యెంత?

మన ఇళ్ళలో తరచుగా వినిపించే మాట “పడలేదు” అన్నది. పాలు పడలేదు, గుడ్డు పడలేదు, వంకాయ పడలేదు అంటాము. ఈ చిన్న మాటలో పెద్దల అనుభవము కొంత, భయము కొంత కలిసి ఉన్నవి. వయసు వచ్చినవారు వంకాయను మానుకుంటే వాటిల్లే నష్టము లేదు. కాని ఏడాదిన్నర బిడ్డకు పాలు, గుడ్డు, గోధుమ, పల్లీలు ఒక్కసారిగా ‘పడవు’ అని తీసివేస్తే ఆ బిడ్డ దేనితో ఎదగవలెను? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు ప్రేరణ.

సూర్యాపేట జిల్లా అనంతగిరి మండలములోని ఒక గ్రామమునకు విద్యార్థులతో కలిసి సేవా శిబిరము నిమిత్తము వెళ్ళినప్పుడు, ఒక తల్లి తన 18 నెలల కుమార్తెను మాకు చూపినది. జలుబు చేసినప్పుడల్లా మందుల దుకాణమునుండి యాంటీబయోటిక్ సీసా తెచ్చి పోసినారట. మూడవ సీసా ముగిసేసరికి నోటిలో తెల్లని పూత కనిపించినది. వెనువెంటనే కొన్నాళ్ళు విరేచనములు పట్టుకున్నవి. ఎవరో తెలిసినవారు “కడుపంతా ఈస్టు పెరిగిపోయినది” అని చెప్పి, మాన్పించవలసిన పదార్థముల పట్టిక ఒకటి కాగితముపై వ్రాసి ఇచ్చినారు. అందులో పాలు, పెరుగు, గోధుమ, ఇడ్లీ, గుడ్డు, పల్లీలు, బెల్లము అన్నీ ఉన్నవి. అంగన్‌వాడీ కేంద్రములో ఇచ్చే బాలామృతములో గోధుమ, పాలపొడి, చక్కెర ఉంటాయి కనుక అది కూడ విప్పని పొట్లముగానే ఇంటిలో మిగిలిపోయినది. రెండు నెలలుగా ఆ పసిబిడ్డకు గంజి, మెత్తని అన్నమే ఆహారము. అంగన్‌వాడీ కార్డులో బరువు గీత కిందికి దిగుతున్నది. ఆ తల్లి ప్రేమలో లోపము ఏమియు లేదు. ఆమెకు ఎవరో అందించిన సమాచారములోనే లోపము ఉన్నది.

ఈస్టు అనగా నేమి?

ఈస్టు ఏకకణ శిలీంధ్రము. రొట్టెను పొంగించే ఈస్టు ఒక జాతి; బిడ్డ నోటిలో తెల్లపూత కలిగించే ఈస్టు మరియొక జాతి. రెండవదానిని శాస్త్రజ్ఞులు కాండిడా ఆల్బికన్స్ అంటారు. కాండిడా అన్న ప్రజాతి నామమును 1923లో క్రిస్టీన్ బెర్క్‌హౌట్ అను పరిశోధకురాలు స్థాపించినది. ఈ పేరునకు మూలమైన లాటిన్ పదమునకు తెలుపు అని అర్థము.

మనము ముఖ్యముగా గ్రహించవలసిన విషయము ఒకటి ఉన్నది. కాండిడా బయటినుండి దండెత్తి వచ్చే శత్రువు కాదు. ఆరోగ్యవంతులైన అనేకుల నోటిలోను, పేగులలోను అది ఏ హాని చేయక నివసిస్తుంది. నవజాత శిశువునకు ప్రసవ సమయముననే తల్లినుండి సంక్రమించవచ్చును. పేగులలోని కోటానుకోట్ల బాక్టీరియా దానికి చోటు, మేత చిక్కకుండ అదుపులో ఉంచుతాయి. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే మన రైతులకు ఇది కొత్త సంగతి కాదు. వరి పైరు ఒత్తుగా ఉన్న మడిలో ఊద అణిగి ఉంటుంది. పైరు చచ్చి మడి పలుచబడితే అదే ఊద పొలమంతా కమ్ముకుంటుంది. యాంటీబయోటిక్ బాక్టీరియాను చంపుతుంది కాని ఈస్టును చంపదు. అదుపు చేసేవి పోయినప్పుడు మిగిలినది విస్తరిస్తుంది.

ఒక తెలుగువాని కృషి, ఒక హెచ్చరిక

ఈ సందర్భమున ఒక తెలుగు శాస్త్రజ్ఞుని స్మరించుట సముచితము. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధనలకు నాయకత్వము వహించినారు. అక్కడనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ అను ఔషధమును కనుగొన్నాడు. 1948లో అది లోకమునకు వెల్లడి అయినది. ఆ సంవత్సరముననే సుబ్బారావుగారు దివంగతులైనారు. టెట్రాసైక్లిన్ వర్గమునకు ఆద్యమైన ఈ మందు అనేక రోగములను కలిగించే బాక్టీరియాపై పనిచేసి అసంఖ్యాకుల ప్రాణములు నిలిపినది. కాని ఇటువంటి విస్తృత ప్రభావము గల మందుల వాడుక పెరిగిన కొలది రోగులలో ఈస్టు పూతలు కూడ పెరుగుట వైద్యులు గమనించినారు.

దానికి విరుగుడు కూడ మట్టినుండియే లభించినది. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేసిన ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అను ఇరువురు మహిళలు వర్జీనియాలోని ఒక పొలపు మట్టిలో ఉన్న సూక్ష్మజీవినుండి శిలీంధ్ర నాశినిని వేరుచేసి 1950లో ప్రకటించినారు. తమ రాష్ట్రము పేరు స్ఫురించునట్లు దానికి నిస్టాటిన్ అని పేరు పెట్టినారు. దానిపై వచ్చిన రాయల్టీని తాము తీసుకొనక శాస్త్ర పరిశోధనలకే అర్పించినారు. నేటికీ పసిపిల్లల నోటిపూతకు వైద్యులు వ్రాసే చుక్కల మందులలో నిస్టాటిన్ ఒకటి.

సుబ్బారావుగారివంటి మహనీయుల శ్రమఫలమును మనము వాడుకొనే తీరు ఎట్లున్నది? జలుబు వైరస్ వలన వస్తుంది. దానిపై యాంటీబయోటిక్ పనిచేయదు. వైద్యుని చీటీ లేనిదే ఈ మందులు అమ్మరాదని చట్టము ఉన్నది. అయినను జలుబునకు అవే కొని పోస్తున్నాము. ఈస్టు పూతను నివారించదలచిన ఇల్లు మొదట సరిదిద్దుకోవలసినది ఈ అలవాటునే. వైద్యుడు అవసరమని వ్రాసినప్పుడు మాత్రము పూతకు భయపడి యాంటీబయోటిక్‌ను మధ్యలో మానరాదు.

పూతను గుర్తించుట, మాన్పుట

పాలు తాగిన తరువాత నాలుకపై నిలిచే తెలుపు తడిగుడ్డతో సులభముగా తుడుచుకుపోతుంది. ఈస్టు పూత విరిగిన పాలముక్కలవలె నాలుకపైన, బుగ్గల లోపల అంటుకొని ఉండి, తేలికగా పోదు. బలవంతముగా గీకితే కింద ఎర్రబడి రక్తపు చుక్క కనిపించవచ్చును, అందుచేత గీకరాదు. గజ్జల మడతలలో మంకెనపువ్వు ఎరుపున దద్దు, దాని అంచుల చుట్టూ చిన్న చిన్న ఎర్రని పొక్కులు ఉంటే అది కూడ తరచుగా ఈస్టు వలననే వస్తుంది.

మొదటి నెలలలో వచ్చే పూత సాధారణముగా ప్రమాదకరము కాదు. వైద్యుడు చెప్పిన మందును చెప్పినన్ని దినములు వేయవలెను. తల్లి చనుమొనలకు నొప్పి, మంట ఉంటే ఆమెకు కూడ చికిత్స అవసరము. లేకున్న పూత ఒకరినుండి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది. చనుబాలు మాన్పించవలసిన పని లేదు. రబ్బరు పీకలు, పాలసీసాలు ఈస్టునకు మంచి ఆశ్రయములు. వానిని మరిగించి శుభ్రపరచవలెను. పోతపాలు తప్పనిసరియైతే మన అవ్వల కాలపు ఉగ్గుగిన్నెయే కడుగుటకు సులువు. తడిసిన గుడ్డ వెంటనే మార్చి చర్మమును ఆరనీయవలెను. ఏడాది దాటిన బిడ్డకు తగిన కారణము కనిపించకుండ పూత మాటిమాటికి వస్తున్నా, బిడ్డ మింగలేకున్నా, బరువు తగ్గుతున్నా, మధుమేహము, రోగనిరోధక శక్తి లోపము వంటివి లేవని నిర్ధారించుకొనుటకు పిల్లల వైద్యునికి చూపవలెను.

ఒక సిద్ధాంతము కథ

మరి “కడుపంతా ఈస్టు” అను మాట ఎక్కడిది? అమెరికాలో ఓరియన్ ట్రస్, విలియం క్రూక్ అను ఇద్దరు వైద్యులు 1980 తరువాతి సంవత్సరములలో దీనిని ప్రచారము చేసినారు. అలసట, తలనొప్పి, పిల్లల చంచలత్వము మొదలైన అనేక బాధలకు శరీరములో దాగిన ఈస్టే మూలమని, చక్కెర, రొట్టె వంటివి మానవలెనని వారి వాదము. 1983లో వెలువడిన క్రూక్ పుస్తకము విశేషముగా అమ్ముడుపోయినది. అమెరికా ఎలర్జీ వైద్యుల అకాడమీ 1986లో ఈ వాదము నిరూపితము కానిదని ప్రకటించినది. 1990లో అలబామా పరిశోధకులు ఈ బాధలు గల 42 మంది స్త్రీలపై నిస్టాటిన్‌ను, ఉత్తుత్తి మందును పోల్చి చూచినారు. జననాంగ సంబంధమైన బాధ నిస్టాటిన్‌తో తగ్గినది. అలసట, దిగులు వంటి మిగిలిన బాధలలో మాత్రము అది ఉత్తుత్తి మందుకంటె మెరుగుగా పనిచేయలేదు.

ఇడ్లీ మాట కూడ చెప్పవలెను. ఇడ్లీ పిండి పులియుటకు ప్రధాన కారణము లాక్టిక్ ఆమ్లమును తయారుచేసే బాక్టీరియా. ఏ కొద్ది ఈస్టు ఉన్నను ఆవిరిలో ఉడికి నశిస్తుంది. ఇడ్లీ తిన్నందున బిడ్డ నోటిలో కాండిడా మొలవదు.

‘పడకపోవుట’ నాలుగు విధములు

ఈస్టు సిద్ధాంతము నిలువకపోయినను, ఆహారము పడకపోవుట అన్నది నిజమే. కాని అది ఒక్క వ్యాధి కాదు.

మొదటిది అసలైన ఎలర్జీ. గుడ్డు, పాలు, పల్లీలు, చేప వంటివి తిన్న కొన్ని నిమిషములనుండి రెండు గంటలలోపల ఒంటిపై దద్దురులు, పెదవుల వాపు, వాంతి కలుగుతాయి. ఊపిరి ఆడకపోయినా, బిడ్డ వాలిపోయినా క్షణము ఆలస్యము చేయక వైద్యశాలకు తీసుకుపోవలెను.

రెండవది పాలలోని మాంసకృత్తు నెమ్మదిగా పడకపోవుట. పసికందుల మలములో రక్తపు చారలు దీని లక్షణములలో ఒకటి. చాలమంది పిల్లలు వయసుతో దీనినుండి బయటపడతారు.

మూడవది పాలచక్కెర జీర్ణము కాకపోవుట. విరేచనములు తగిలిన పిమ్మట పేగు లోపలి పొర దెబ్బతిని, లాక్టేజ్ అను ఎంజైము కొన్నాళ్ళు తగ్గుతుంది. పొర బాగుపడగానే పాలు మళ్ళీ ఒంటబడతాయి. ఈలోగా పెరుగు చాలమందికి సరిపోతుంది, ఏలనగా పాలచక్కెరలో కొంత భాగమును తోడు బాక్టీరియా ముందే ఖర్చుచేస్తుంది. దక్షిణ భారతీయులలో పెద్దయిన తరువాత ఈ ఎంజైము తగ్గుట సర్వసాధారణము.

నాలుగవది సీలియాక్ వ్యాధి. గోధుమలోని గ్లూటెన్ దీనికి కారణమని డచ్చి వైద్యుడు విల్లెమ్ డికె 1950నాటి తన సిద్ధాంత గ్రంథములో వివరించినాడు. వరి, జొన్న అన్నములకు అలవాటుపడిన మన ప్రాంతముకంటె ఉత్తర భారతములో ఇది ఎక్కువ. దీనికి రక్తపరీక్ష ఉన్నది. కాని పరీక్షకు ముందే గోధుమ మాన్పించితే ఫలితము తప్పుగా రావచ్చును.

తీసివేయుట సగమే, తిరిగి పెట్టుట మిగిలిన సగము

నేడు పట్టణములలో ఒక రక్తపు చుక్కతో వందలాది ఆహారములను పరీక్షించి పట్టిక ఇచ్చే వ్యాపారము సాగుతున్నది. అవి కొలిచే ఐజీజీ ప్రతిరక్షకములు బిడ్డ ఆ ఆహారము తిన్నదని మాత్రమే తెలుపుతాయి, పడలేదని తెలుపవు. శాస్త్రీయ పద్ధతి దీనికంటె సాదాయైనది. ఒక నోటుపుస్తకములో బిడ్డ తిన్నది, కలిగిన బాధ, సమయము వ్రాయవలెను. అనుమానము గల ఒక్క పదార్థమునే, వైద్యుని సలహాతో, రెండు నుండి నాలుగు వారములు మాన్పించవలెను. దానికి బదులుగా సమానమైన పోషణ ఇవ్వవలెను. పిమ్మట అదే పదార్థమును తిరిగి పెట్టి చూడవలెను. మానితే తగ్గి, పెడితే మరల వచ్చిన బాధయే ఆ ఆహారము వలన కలిగిన బాధ. తిరిగి పెట్టి చూడని నిషేధము పరీక్ష కాజాలదు. తీవ్రమైన ఎలర్జీ కనిపించిన ఆహారమును మాత్రము ఇంటిలో ఎన్నడును ప్రయోగించరాదు.

భయముతో ఆలస్యము చేయుట కూడ హానికరమని 2015లో వెలువడిన ఇంగ్లండు పరిశోధన తెలిపినది. ఎలర్జీ వచ్చే అవకాశము ఎక్కువగా ఉన్న 640 మంది శిశువులలో సగము మందికి 4 నుండి 11 నెలల వయసులోనే పల్లీల ఆహారము ప్రారంభించి, మిగిలినవారికి పూర్తిగా మాన్పించినారు. ఐదేళ్ళ వయసున మాన్పించినవారిలో నూటికి సుమారు 17 మందికి పల్లీల ఎలర్జీ రాగా, తిన్నవారిలో సుమారు ముగ్గురికే వచ్చినది. కనుక ఆరు నెలలు నిండగానే తల్లిపాలతోపాటు మెత్తని పప్పన్నము, ఉడికించిన గుడ్డు, మెత్తగా నూరిన పల్లీలు ఒకదాని తరువాత ఒకటి అలవాటు చేయవలెను. పల్లీ గింజలను పసివారికి ఇవ్వరాదు; గొంతుకు అడ్డుపడతాయి. అన్నప్రాశన జరిపే ఇంటనైనా, ఘుట్టీ పోసే ఇంటనైనా ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించరాదు. అందులో ఉండగల సూక్ష్మజీవి విషము పసికందులకు ప్రాణాపాయము.

మొదట చెప్పిన బిడ్డ సంగతికి వద్దాము. తల్లి మా మాట మన్నించి పిల్లల వైద్యునికి చూపించినది. చుక్కల మందుతో నోటిపూత పోయినది. మానిన ఆహారములు వైద్యుని సలహాపై ఒక్కొక్కటిగా తిరిగి వచ్చినవి. గుడ్డు పడినది, గోధుమ పడినది, పల్లీలు పడినవి. పాలు మాత్రము కొన్ని వారములు కడుపుబ్బరము కలిగించినవి. అంతవరకు పెరుగు సాగినది. విప్పని బాలామృతము పొట్లము చివరకు విప్పబడినది. ఆ పట్టిక వ్రాసిన కాగితములో నిజము పాల మాట ఒక్కటే, అదియు కొంతకాలమునకే.

ఉర్దూ మాటాడే ఇంటనైనా, తెలుగు మాటాడే ఇంటనైనా మన విద్యార్థినీ విద్యార్థులే ఇంటికి చదువరులు. మందు సీసాపై ఉన్న అక్షరములను, ఎవరో వ్రాసి ఇచ్చిన పట్టికను ఇంటిలో మొదట చదివేది వారే. “ఈ మందు వైద్యుడు వ్రాసినదేనా? ఈ ఆహారము తిరిగి పెట్టి చూచినారా?” అన్న రెండు ప్రశ్నలు వారు తమ తల్లులను, అక్కలను, వదినెలను మర్యాదగా అడుగగలిగితే, తరగతి గదిలో నేర్చిన జీవశాస్త్రము ఒక పసిబిడ్డ కంచములోనికి చేరినట్లే.